సోరియాసిస్‌తో సంసారం: గోదావరి జిల్లాల వాళ్ళకు మొదటి మచ్చ నుంచి మందుల డబ్బా దాకా

మిషన్ బల్లకు మోచెయ్యి ఆనించి ఆనించి కాయ కాయడం మాలాంటి కుట్టుపని వాళ్ళకి కొత్తేం కాదు. నాకూ అదే అనుకున్నాను. కాయ కాసిన చర్మం అలా పొట్టు రాల్చదని, ఆ పొట్టు గోటితో గీకితే కింద సూదిమొనంత రక్తపు చుక్కలు రావని తెలిసేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. ఈలోపు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబులు మూడు, సూదులు రెండు, ఓ పసరు మందు, వంకాయ మానెయ్యడం, అన్నీ అయిపోయాయి. మా రాజోలు చుట్టుపక్కల పల్లెల్లో ఇది మామూలు వరసే.

ఈ జబ్బుతో 12 ఏళ్ళ నుంచీ కాపురం చేస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మోతాదు మీ డాక్టరుగారు రాసిందే మీకు లెక్క. డాక్టరు గదిలో అయిదు నిమిషాల్లో చెప్పడానికి వీలుపడని సంగతులు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఒక్కటి ముందే చెప్పేస్తాను: దీన్ని సమూలంగా పోగొడతామన్న వాళ్ళ దగ్గరే నేను చెడ్డాను. అదుపులో పెడదామన్న వాళ్ళ దగ్గర బాగుపడ్డాను.

1. ముందు జబ్బు పేరు తేల్చుకోండి

మనవైపు ఒంటిమీద ఏం లేచినా తామర అనేస్తాం. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. అంచు గుండ్రంగా పాకుతూ పోతుంది, మధ్యలో మానినట్టు ఉంటుంది, గజ్జల్లో, నడుము దగ్గర, చెమట నిలిచే చోట పడుతుంది, ఇంట్లో ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే అంటుకుంటుంది. సోరియాసిస్ మచ్చ అలా కాదు. దళసరిగా, గీత గీసినట్టు అంచుతో, పైన వెండి రంగు పొట్టుతో ఉంటుంది. మోచేతులు, మోకాళ్ళు, నడుము కింది భాగం, తల దానికి ఇష్టమైన చోట్లు. ఎర్రగా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారుగానీ మన చామనఛాయ ఒంటిమీద అది ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. అందుకే చాలామంది పోల్చుకోలేరు. గోళ్ళ మీద దబ్బనంతో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలుంటే అనుమానం ఇంకాస్త బలపడినట్టే.

అనుమానం తీరకపోతే డాక్టరు కాస్త పొట్టు గీకి కేఓహెచ్ పరీక్ష చేసి శిలీంధ్రం ఉందో లేదో చూస్తారు. ఒక్కోసారి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు, భయపడకండి, ఒకటి రెండు కుట్లతో పోతుంది. మచ్చ మీద దూది ఆనించినా తెలియకపోతే మాత్రం సోరియాసిస్ సంగతి పక్కన పెట్టి ముందు కుష్ఠు పరీక్ష చేయించుకోండి. దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, తొందరగా వాడితే పూర్తిగా నయమవుతుంది. పొట్టు లేకుండా పాలలా తెల్లబడితే అది బొల్లి కావచ్చు. ఎండకి వెళ్ళినప్పుడల్లా రెండు బుగ్గలూ ముక్కూ కందిపోయి, జ్వరం, కీళ్ళ నొప్పులు, జుట్టు ఊడటం తోడైతే లూపస్ ఏమో చూడాలి. బొల్లి, లూపస్ కూడా సోరియాసిస్ లాగే శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ శరీరం మీదికే తిరగబడే జబ్బులు. కానీ మందులు వేరు, జాగ్రత్తలు వేరు.

సోరియాసిస్‌లో లోపల జరిగేది మన వరి భాషలో చెబుతాను. మామూలు చర్మంలో కింద పుట్టిన కణం పైకొచ్చి రాలడానికి సుమారు 28 రోజులు పడుతుంది. ఈ జబ్బులో రక్షణ కణాలు తప్పుడు కబురు పంపి తొందర పెడతాయి. మూడు నుంచి అయిదు రోజుల్లోనే కణం పైకొచ్చేస్తుంది. నెల నారు నాలుగో రోజునే పీకి నాటితే ఎలా ఉంటుందో ఆలోచించండి. అలా ముదరకుండా వచ్చి పేరుకున్న కణాలే ఆ పొట్టు. ఇందులో క్రిమి లేదు, కాబట్టి అంటదు. ఒకే కంచం, ఒకే మంచం, చంటిపిల్లకి పాలివ్వడం, దేనికీ అడ్డం లేదు.

2. ఆపాల్సినవి ఆపండి

నన్ను ముంచింది సూది. మా ఊళ్ళో అందరూ డాక్టరుగారనే పిలిచే ఒకాయన మోచెయ్యి చూసి, "ఏం పర్లేదమ్మా, ఓ సూదేసేత్తాను, వారంలో తగ్గిపోద్ది" అన్నారు. ఆయన మాట తప్పలేదు, నిజంగానే తగ్గింది. మా పెదనాన్న కూతురు పెళ్ళికి పొట్టి చేతుల జాకెట్టు కుట్టుకుని మరీ వెళ్ళాను. నలభై రోజులు తిరక్కుండా మోచేతుల్లో ఉన్నది వీపుకి, కడుపుకి, పిక్కలకి పాకింది. పొద్దున్నే అమ్మ నా దుప్పటి గుమ్మంలో దులిపితే అరుగు మీద తవుడు పోసినట్టు రాలేది.

ఆ సూదిలో ఉండేది స్టెరాయిడ్. డెక్సామెథాసోన్, ట్రయామ్సినలోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, పేరేదైనా ఆ కుటుంబమే. సోరియాసిస్‌లో వీటిని సూదిగానో మాత్రగానో వాడి మానేస్తే జబ్బు రెట్టించి తిరగబడుతుంది. కొందరికి ఒళ్ళంతా కందిపోవడం, చీము పొక్కులు లేవడం దాకా పోతుంది. ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగుతుంటే మాత్రం ఇది చదివి రేపే మానెయ్యకండి, అదింకా ప్రమాదం. డాక్టరు చేతనే మెల్లగా తగ్గించుకోవాలి.

షాపులో దొరికే మూడు మందులు కలిపిన క్రీముల సంగతీ ఇంతే. స్టెరాయిడ్, శిలీంధ్రం మందు, యాంటీబయాటిక్ ఒకే ట్యూబులో ఉంటాయి. రెండు రోజుల్లో దురద పోతుంది, చర్మం పలచబడుతుంది, తామర ఉంటే మొండికేస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా అంటే, మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పొట్లాల మందులకీ ఒక గీటురాయి పెట్టుకోండి. అందులో ఏముందో, ఎంతుందో రాసి లేకపోతే మింగొద్దు. ఆకు మందని చెప్పి స్టెరాయిడ్ కలిపేవాళ్ళున్నారు. బావంచి గింజలు నూరి రాసుకుని ఎండలో కూర్చోమని చెప్పేవాళ్ళ మాటా వినకండి, అందులో ఉండే సొరాలెన్‌కి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది.

3. డాక్టరు దగ్గరికి సంచీ పట్టుకెళ్ళండి

చర్మవ్యాధుల డాక్టర్లు ఇప్పుడు భీమవరం, అమలాపురం, రాజమండ్రి, పాలకొల్లు లాంటి ఊళ్ళన్నిట్లోనూ ఉన్నారు. డబ్బు ఇబ్బందైతే రంగరాయ వైద్య కళాశాలకి అనుబంధమైన కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే బస్సెక్కితే ఓపీ చీటీ వేళకి అందుకోవచ్చు.

సంచీలో ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, ఖాళీవైనా సరే, వేసుకోండి. బీపీ, షుగరు, మతి, మలేరియా మందులు ఏవి వాడుతున్నా చీటీలు పట్టుకెళ్ళండి. అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు అనే బీపీ మందులు, మతి మందు లిథియం, మలేరియా మందు క్లోరోక్విన్ కొందరిలో సోరియాసిస్‌ని రేపుతాయి. వాటిని మీరు మానకండి, చూపించండి, మార్చేదీ లేనిదీ వాళ్ళు చూసుకుంటారు. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకి ఒళ్ళంతా చినుకులు పడ్డట్టు చిన్న మచ్చలు లేచాయా? అదీ చెప్పండి. పిల్లల్లో, కుర్రాళ్ళలో అలా మొదలవుతుంటుంది.

మచ్చ ఎంతుందో కొలిచి చెప్పగలిగితే మంచిది. నేను టేపుతో కొలిచి రాసుకెళ్తే డాక్టరమ్మ నవ్వి, "నీ అరచెయ్యే టేపు" అంది. వేళ్ళతో సహా మీ అరచెయ్యి మీ ఒంటి మొత్తంలో సుమారు 1 శాతం. పది చేతులు దాటితే పూతలతో సరిపెట్టరు. దానికి తక్కువున్నా ముఖం, తల, అరచేతులు, అరికాళ్ళు, మర్మాంగాల మీద ఉంటే తీవ్రమైనదిగానే చూస్తారు. మర్మాంగాల మాట సిగ్గుపడి దాచేస్తారు మనవాళ్ళు. దాచకండి, దానికి మందు వేరే రాయాలి.

4. పూత రాయడం నేర్చుకోండి

మందు పనిచెయ్యలేదనేవాళ్ళలో సగం మందికి రాయడం రాదని నా అనుభవం. ట్యూబు నొక్కి చూపుడు వేలి మొదటి గీత నుంచి కొస దాకా ఒక చార పెట్టండి. అది సుమారు అర గ్రాము. రెండు అరచేతులంత మచ్చకి సరిగ్గా సరిపోతుంది. నాలుగు అరచేతుల మచ్చుంటే పూటకి 1 గ్రాము, రోజుకి రెండు పూటలు, 14 రోజులకి 28 గ్రాములు. అంటే 30 గ్రాముల ట్యూబు పదిహేను రోజులకి అయిపోవాలి. నా మొదటి ట్యూబు నాలుగు నెలలొచ్చింది! బొట్టు పెట్టినట్టు రాసుకుని, మందు పనికిరాదని డాక్టరు మీద విసుక్కున్నాను.

దళసరి మచ్చకి సాలిసిలిక్ యాసిడ్ లేదా కోల్‌తారు పూతతో ముందు పొట్టు మెత్తబరుస్తారు. అసలు మందుగా క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్, లేదంటే విటమిన్ డి జాతి కాల్సిపోట్రియాల్, లేదంటే రెండూ కలిసింది. గట్టి స్టెరాయిడ్ సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలే, ఆ తర్వాత వారానికి రెండు రోజులకి దించుతారు. పూతగా, గడువు పెట్టి, చూపించుకుంటూ వాడితే స్టెరాయిడ్ మంచి మందే. నేను తిట్టింది సూదినీ చీటీ లేని ట్యూబునీ. సాలిసిలిక్ యాసిడ్‌ని కాల్సిపోట్రియాల్‌తో ఒకే పూట కలిపి రాయకండి, రెండో మందు చచ్చుబడిపోతుంది. ముఖానికి, చంకలకి, గజ్జలకి ఒంటి మందు రాయకూడదు. అక్కడికి టాక్రోలిమస్ లాంటివి రాస్తారు.

తలకైతే రాత్రి కొబ్బరినూనె పట్టించి పొట్టు నాననివ్వండి. పొద్దున పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో తేలిగ్గా దువ్వి, తారు షాంపూ పెట్టి 5 నుంచి 10 నిమిషాలు ఆగి కడగండి. పేల దువ్వెనతో గీకితే పొట్టు పోతుంది, పుండు మిగులుతుంది. కుంకుడు రసం ఘాటు కొందరికి మంట పుట్టిస్తుంది, నేను మానేశాను.

5. స్నానం, బట్ట, బొందు

సోరియాసిస్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. గీరుకున్న చోట, కాలిన చోట, ఒరుసుకున్న చోట కొత్త మచ్చ లేస్తుంది. దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. కాబట్టి బీరపీచు, నలుగు, రాయి, అన్నీ పక్కన పెట్టండి. సలసల కాగే నీళ్ళు వద్దు, గోరువెచ్చన చాలు. తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెగానీ వాసలీన్‌గానీ లిక్విడ్ పారఫిన్‌గానీ రాయండి. తీరం దగ్గర ఉప్పు బోరు నీళ్ళు వాడే ఊళ్ళలో ఆఖరి రెండు చెంబులు మంచినీళ్ళు పోసుకుంటే చర్మం బిగుసుకోదు.

నా పని బట్టలు కాబట్టి ఇది కాస్త ఎక్కువ చెబుతాను. ఆడవాళ్ళకి లంగా బొందు కట్టే చోట చుట్టూ వడ్డాణంలా మచ్చ పడుతుంది. సన్నటి తాడు తీసేసి మూడు వేళ్ళ వెడల్పు నూలు పట్టీ వేయించుకోండి, లాగి ముడెయ్యకుండా హుక్కు పెట్టించండి. జాకెట్టు చేతి లోపలి కుట్టు మోచేతి మీదో భుజం మీదో ఒరుసుకుంటే మెత్తటి నూలు లైనింగు వేసి కుట్టు అంచు కప్పేయమనండి. మగవాళ్ళ మొలతాడుదీ ఇదే కథ. నల్ల బట్ట మీద పొట్టు కనిపిస్తుంది, లేత రంగుల మీద కనిపించదు. ఇది మందు కాదుగానీ పెళ్ళిలో నలుగురి మధ్య కూర్చున్నప్పుడు మందుకంటే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

చేపల, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు బ్లీచింగు, సున్నం ఒట్టి చేతుల్తో చల్లకండి. లోపల నూలు గ్లోవు, పైన రబ్బరు గ్లోవు. కొబ్బరి ఒలుపు చేసేవాళ్ళకి అరచేతుల్లో పగుళ్ళొస్తే రాత్రి మందు రాసి పాత నూలు మేజోళ్ళు చేతులకి తొడుక్కుని పడుకోమని చెప్పండి.

6. లైటు, మాత్ర, ఇంజెక్షను

పూతలు చాలకపోతే లైటు చికిత్స. నారోబ్యాండ్ యూవీబీ అని, 311 నానోమీటర్ల కిరణాల పెట్టెలో నిమిషాల లెక్కన నిలబెడతారు. వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 20 నుంచి 30 సార్లు. గర్భిణులకి కూడా ఇవ్వగలగడం దీని గొప్ప. గోదావరి లంకల్లో వాళ్ళకి రేవు దాటి, బస్సు మారి వారానికి మూడుసార్లు వెళ్ళడం కుదరదు, నాకూ కుదర్లేదు. అప్పుడు మెథోట్రెక్సేట్ మాత్ర మొదలుపెట్టారు.

ఈ పేరా రెండుసార్లు చదవండి. సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. మా వీధిలో ఓ పెద్దావిడ బీపీ మాత్రతో పాటు దీన్నీ రోజూ వేసుకుంది. ఆరో రోజుకి నోరంతా పుళ్ళు, గుక్క మింగలేదు, జ్వరం. ఆసుపత్రిలో పది రోజులుంది. రక్తకణాలు పడిపోయి ప్రాణాల మీదికొస్తుంది. నా మాత్రల అట్ట మీద మార్కరుతో పెద్దక్షరాలతో "ఆదివారం" అని రాసి ఉంటుంది, మిగతా మందుల డబ్బాలో దాన్ని పెట్టను, బీరువాలో పెడతాను. డాక్టరు చెప్పిన వేరే రోజుల్లో ఫోలిక్ యాసిడ్. రెండూ చిన్న పసుపు మాత్రలే కావడంతో కళ్ళు ఆనని వాళ్ళు తారుమారు చేస్తారు, కాబట్టి ఇంట్లో చదువుకున్న పిల్లలెవరికైనా ఆ పని అప్పజెప్పండి.

మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు, హెపటైటిస్ బి, సి చూస్తారు. తర్వాత మొదట్లో తరచుగా, కుదిరాక మూణ్ణెల్లకోసారి. సారాయి, తాటికల్లు, ఈతకల్లు ఏదీ కుదరదు, కల్లు కూడా సారాయిలాగే కాలేయం మీద పడుతుంది. పిల్లల కోసం చూసేవాళ్ళు, ఆడైనా మగైనా, ముందే చెప్పాలి. కడుపులో బిడ్డకి ఈ మాత్ర విషం. జ్వరానికని ఊళ్ళో ఎవరిదగ్గరికెళ్ళినా "మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అనడం అలవాటు చేసుకోండి. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీంతో కలిస్తే చాలా ప్రమాదం, నొప్పి మాత్రలు కూడా అడగకుండా వద్దు.

సైక్లోస్పోరిన్, ఎప్రెమిలాస్ట్ మాత్రలూ ఉన్నాయి. అవి పనిచెయ్యకపోతే అడాలిముమాబ్, సెకుకినుమాబ్ లాంటి బయలాజిక్ ఇంజెక్షన్లు, అంటే రక్షణ కణాల తప్పుడు కబురుని అడ్డుకునేవి. బాగా పనిచేస్తాయి, ఖర్చూ బాగానే ఉంటుంది. వీటికి ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పదు, లోపల నిద్రపోతున్న క్షయ లేవొచ్చు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టకూడదు. వేసవిలో మన కరెంటు సంగతి తెలిసిందే. చేపల మార్కెట్లో దొరికే థర్మాకోల్ పెట్టె కొత్తది ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఐసు అడుగున, మీద మడత తువ్వాలు, ఆ పైన మందు. ఐసుకి మందు తగలకూడదు.

7. కీళ్ళు, బీపీ

పొద్దున్నే లేచాక వేళ్ళు అరగంటకి పైగా పట్టేస్తున్నాయా? ఒక వేలు మొత్తం దొండకాయలా ఉబ్బిందా? మడమ నొప్పితో అడుగు పడటం లేదా? వయసు అనుకోకండి. సోరియాసిస్ ఉన్నవాళ్ళలో మూడోవంతు మంది దాకా కీళ్ళ జబ్బు రావచ్చు, ఆలస్యమైతే వంకర పోయిన వేలు మళ్ళీ రాదు. కీళ్ళవాతం డాక్టరుకి చూపించాలి. ఏడాదికోసారి బీపీ, షుగరు, కొవ్వు పరీక్షలు కూడా చేయించండి, ఈ జబ్బున్నవాళ్ళకి గుండె ముప్పు కాస్త ఎక్కువ.

ఒళ్ళంతా కందిపోయి వణుకు, కాళ్ళ వాపు వచ్చినా, జ్వరంతో చీము పొక్కులు లేచినా మర్నాటి దాకా ఆగకండి. ఆ రోజే పెద్దాసుపత్రి.

8. పథ్యం

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మనవాళ్ళు. నేను పుస్తెలమ్మకపోయినా, పథ్యం పేరుతో రెండు సీజన్లు పులస మానేశాను. మచ్చ ఒక్కటీ తగ్గలేదు. వంకాయ, గోంగూర, రొయ్య, ఎండు చేప అందరూ మానాలనడానికి ఆధారం లేదు. మీ ఒంటికి ఏదైనా పడదని ఖాయంగా తెలిస్తే మానండి, అంతే. నిజంగా తేడా చేసేవి మూడే: బరువు తగ్గడం, తాగుడు మానడం, చుట్ట, సిగరెట్టు మానడం. ఇవి చెబితే మాత్రం ఎవరూ పథ్యమనుకోరు.

9. వానలు, వరదలు, మనుషులు

ధనుర్మాసం చలికి చర్మం ఎండి నాకు ఏటా కాస్త పెరుగుతుంది, అప్పుడు నూనె పూట పెంచుతాను. ఆషాఢం, శ్రావణం ఉక్కకి మడతల్లో తామర కలుస్తుంది, తడి బట్టతో ఉండకండి. పొద్దుటి ఎండ పది, పదిహేను నిమిషాలు చాలామందికి మేలు చేస్తుంది. లూపస్ వాళ్ళకి మాత్రం ఎండే శత్రువు, పొడుగు చేతులు, గొడుగు, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

2022 జులై వరదకి డాబా మీద మూడు రోజులున్నాం. బియ్యం, గ్యాసు పైకెక్కించానుగానీ మందుల డబ్బా కింది అలమరలోనే ఉండిపోయింది. అప్పట్నుంచీ జులై వచ్చిందంటే నెలకి సరిపడా మందులు, చీటీ జిరాక్సు, పరీక్షల కాగితాలు జిప్పు కవర్లో పెట్టి దండెం పక్క మేకుకి తగిలిస్తాను.

మనుషులతోనే ఎక్కువ అలసట. కొలతలివ్వడానికి వచ్చి నా మోచెయ్యి చూసి జాకెట్టు బట్ట మళ్ళీ సంచీలో పెట్టుకున్నవాళ్ళున్నారు. మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు వాళ్ళు అడక్కముందే, "ఇది అంటేది కాదండి, మా ఆయనకీ పిల్లలకీ ఇన్నేళ్ళలో రాలేదు" అనేస్తాను. సంబంధాల దగ్గర దాచకపోవడమే మేలని నా లెక్క. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం సుమారు 10 శాతం, అంటే రానిదే ఎక్కువ, అదీ చెప్పండి. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని కూడా డాక్టరుకి మచ్చలాగే చూపించండి.

నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతుర్లో ఫోటో తీయండి. నేను మిషన్ పక్క కిటికీ దగ్గర ఒకటో తారీఖున తీస్తాను. తగ్గుతున్నప్పుడు మనకి కనపడదు, పెరుగుతున్నప్పుడే కనపడుతుంది. పోయిన ఏడాది మందు పనిచెయ్యడం లేదని గొడవపడదామని వెళ్ళి, డాక్టరమ్మ ముందు ఫోన్ తెరిచి ఆర్నెల్ల ఫోటోలు వరసగా చూపించి, నేనే నోరు మూసుకుని వచ్చాను.